మచ్చల రైఫిల్‌తో మూడు వందల గజాలు

రిటైరయ్యాక మార్కాపురంలో నాకు జీతం లేని ఉద్యోగం ఒకటి దొరికింది. పొద్దున టీ కొట్టు దగ్గర కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి తుపాకుల గురించి అడుగుతారు. కూతుర్ని షూటింగ్ కోచింగ్‌లో చేర్పించిన తండ్రి అడుగుతాడు. ఆర్మరర్ కోర్సుకు ఎంపికైన కానిస్టేబుల్ అడుగుతాడు. ఎవరడిగినా ప్రశ్న ఒకటే.

"బ్రహ్మయ్యన్నా, తక్కువలో పోయేది, దూరం కొట్టేది, గురి తప్పనిది ఏ రైఫిల్ అయితే బాగుంటాదో చెప్పు."

నేను ముప్పైమూడేళ్ళు పోలీసు శాఖలో ఆర్మరర్‌గా పనిచేశాను. ఆర్మరర్ పని తుపాకి కాల్చడం కాదు. దాన్ని విప్పడం, తుడవడం, అరిగినది మార్చడం, మళ్ళీ బిగించి ఇంకొకరి చేతికివ్వడం. ఆ ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకు చేతకాదు. చెప్పబోతే ఒక రైఫిల్ కథ, దాన్ని పట్టుకున్న ఒక అమ్మాయి కథ చెప్పాల్సి వస్తుంది. ఈలోగా టీ చల్లారిపోతుంది. అందుకే రాసి పెడుతున్నాను. నేను పనిచేసిన ఊళ్ళ పేర్లు రాయను. ప్రమోషన్లు, మెమోలు, బదిలీల గొడవ కూడా రాయను. అవి అందరికీ ఉండేవే.

ఖాదర్ సాబ్

మాది కొనకనమిట్ల దగ్గర పల్లె. మా నాయనది కొలిమి పని. నాగలి కర్రులు, కొడవళ్ళు, బండి చక్రాలకు పట్టాలు చేసేవాడు. ఇనుము మోతను బట్టి అందులో పగులుందో లేదో చెప్పేవాడు. నాకు ఆ చెవి కొంచెం అబ్బింది. కానిస్టేబుల్‌గా చేరిన రెండో ఏడు, ఇనుము పని తెలిసినవాళ్ళెవరని అడిగితే చెయ్యి ఎత్తాను. అట్లా ఖాదర్ సాబ్ దగ్గరికి చేరాను.

ఖాదర్ సాబ్ మా పెద్ద ఆర్మరర్. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మాట తక్కువ. ఆయుధాలుంచే గదిని మేము బెల్ ఆఫ్ ఆర్మ్స్ అంటాం. ఆ గదిలోకి చెప్పులతో ఎవరినీ రానిచ్చేవారు కాదు. మొదటి ఆరు నెలలు నాకు స్క్రూడ్రైవర్ కూడా ఇవ్వలేదు. గుడ్డ, నూనె డబ్బా, అంతే.

"ముందు చూడడం నేర్చుకో. విప్పడం ఎవుడైనా విప్పుతాడు" అనేవారు.

నాకు అది నచ్చలేదు. కొలిమి దగ్గర పుట్టినవాణ్ణి, నాకు నేర్పేదేముందని లోపల గర్వం. ఆ గర్వం ఒకరోజు పేలింది. నిజంగానే పేలింది.

ఖాదర్ సాబ్ సెలవులో ఉన్నారు. మా దగ్గర బాగా కాల్చే సబ్ ఇన్‌స్పెక్టర్ ఒకాయన వచ్చి, తన రైఫిల్ ట్రిగ్గర్ గట్టిగా ఉందనీ, వెన్నలా చేసి పెట్టమనీ అడిగాడు. ట్రిగ్గర్ లాగినప్పుడు లోపల చిన్న కొక్కెం జారి సుత్తిని వదులుతుంది. ఆ కొక్కెం అంచును సానరాయి మీద రుద్దాను. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ రుద్దాను. బిగించి లాగి చూస్తే వేలు తగిలీ తగలకముందే టిక్కుమంది. ఆయన నా భుజం తట్టాడు. ఆ రోజు నాకంటే గొప్ప ఆర్మరర్ దేశంలో లేడనిపించింది.

మర్నాడు ఫైరింగ్ రేంజిలో ఆయన తూటా పెట్టి, దాన్ని గొట్టంలోకి నెట్టే బోల్టును కాస్త గట్టిగా ముందుకు తోశాడు. వేలు ట్రిగ్గర్ మీద లేదు. అయినా రైఫిల్ పేలింది. గొట్టం టార్గెట్ల వైపే ఉంది కాబట్టి తూటా పది గజాల అవతల నేలలో దిగి మట్టి లేచింది. అది ఇంకోవైపు తిరిగి ఉంటే ఎవరో ఒకరు పోయేవారు.

ఖాదర్ సాబ్ తిరిగి వచ్చాక తిడతారనుకున్నాను. తిట్టలేదు. ఆ కొక్కేన్ని విప్పి నా అరచేతిలో పెట్టారు.

"ఇది ఎవరు చేసినారో రేపు పరేడ్‌లో నువ్వే చెప్పాల."

"సాబ్, పై అధికారికి చెప్తా సాబ్. అందరి ముందర ఎందుకు?"

"ఆ రైఫిల్ అందరూ పట్టుకునేది గదా, అందుకు."

చెప్పాను. తర్వాత మూడు నెలలు మా దగ్గరున్న ప్రతి రైఫిల్ ట్రిగ్గర్‌కూ బరువు కట్టి వేలాడదీసి పరీక్షించే పని నాకిచ్చారు. ఆ మూడు నెలల్లో నేర్చుకున్నది నాకు సర్వీసంతా సరిపోయింది. మన చేతి తప్పు మన దగ్గర పేలదు, ఇంకొకరి భుజం మీద పేలుతుంది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు మిగతాదంతా మరిచిపోయినా ఇదొక్కటి మరవకండి.

టీ గ్లాసంత గుంపు

రూతమ్మ మా దగ్గరికి వచ్చేసరికి ఖాదర్ సాబ్ రిటైరై చాలా ఏళ్ళయింది. ఆయన కుర్చీలో నేనున్నాను.

ఆ అమ్మాయిది దొనకొండ పక్క పల్లె. తల్లీ తండ్రీ కూలి పనులకు పోయేవాళ్ళు. ఇంట్లో అందరికంటే పెద్దది. మనిషి పొట్టి. యూనిఫాం చేతులు ఎప్పుడూ ఒక మడత ఎక్కువ మడిచేది. డ్యూటీలో నన్ను సార్ అనేది, బయట కనబడితే చిన్నాయనా అనేది.

ఏడాదికోసారి అందరికీ ఫైరింగ్ ప్రాక్టీసు ఉంటుంది. ఆ ఏడు రూతమ్మ టార్గెట్ కాగితం చూసి పక్కవాళ్ళు నవ్వారు. అయిదు తూటాల్లో ఒక్కటీ మధ్యలో లేదు. అన్నీ ఎడమ పక్క కింద మూలకు పోయాయి. ఆ అమ్మాయి కాగితం మడిచి జేబులో పెట్టుకోబోతుంటే ఆపాను.

"ఇట్లియ్యి, చూస్తా."

"వద్దులే సార్, అంతా తప్పినాయి."

తీసుకుని చూశాను. అయిదు చిల్లులూ ఒకచోటే ఉన్నాయి. చేతిలోని టీ గ్లాసును వాటి మీద బోర్లిస్తే అయిదూ దాని కింద దాక్కున్నాయి. వంద గజాల నుంచి, అరిగిపోయిన రైఫిల్‌తో, ముందు చేసుకున్న సాధన ఏమీ లేకుండా.

కొత్తవాళ్ళు ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. మధ్యలో పడిందా లేదా అన్నది తర్వాత సంగతి. గురి చూసే సైటును నాలుగు గీతలు తిప్పితే గుంపు మొత్తం మధ్యకు వస్తుంది. గుంపు చెదిరిపోతే మాత్రం ఏ సైటూ దాన్ని దగ్గర చెయ్యలేదు. ఒక తూటా మధ్యలో, నాలుగు తలా ఒక దిక్కున కొట్టినవాడికి ఆ రోజు చప్పట్లు కొట్టారు. నేను మటుకు రూతమ్మ కాగితం పట్టుకుని మా రిజర్వ్ ఇన్‌స్పెక్టర్, అదే ఆర్.ఐ., నాగిరెడ్డి గారి గదికి పోయాను.

నాగిరెడ్డి గారిది గిద్దలూరు వైపు. పెద్ద మీసం, పెద్ద గొంతు, చిన్నపిల్లవాడి ఉత్సాహం. రాష్ట్ర పోలీసు షూటింగ్ పోటీలకు మా దగ్గరి నుంచి ఎవరూ పోవడం లేదని ఆయనకు ఎప్పటినుంచో బాధ. కాగితం చూసి కుర్చీలోంచి లేచారు.

"బ్రహ్మయ్యా, ఈ పాపను పంపుదాం! మూడు వందల గజాల పోటీకి పంపుదాం. కొత్త రైఫిల్ తెప్పిస్తా చూడు."

కొత్త రైఫిల్ కావాలని పై ఆఫీసుకు రాశారు. ఉన్నవాటితో సర్దుకోమని జవాబు వచ్చింది. అది తప్పని నేననను. ఎవరి ఇబ్బందులు వాళ్ళవి. ఉన్నవాటిలో మాకు శిక్షణ కోసం మిగిలినవి నలభై దాకా పాత త్రీ నాట్ త్రీ రైఫిళ్ళు. మా అందరికంటే వయసులో పెద్దవి.

మెరిసేవి, మచ్చలవి

నాగిరెడ్డి గారు, రూతమ్మ, నేను రైఫిల్ ఎంచుకోవడానికి కూర్చున్నాం. ఆయన నేరుగా ముందు వరసలోని రైఫిళ్ళ దగ్గరికి పోయారు. అవి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు సలామీకి వాడేవి. కర్రకు పాలిషు, ఇనుము అద్దంలా ఉంటుంది. రూతమ్మ కళ్ళూ వాటి మీదే ఉన్నాయి.

"ఇది చూడవయ్యా, పెండ్లికొడుకు మాదిరి ఉంది!"

నేను ఒక తూటాను మొన కిందికి పెట్టి ఆ రైఫిల్ గొట్టం చివర్లో దించాను. కొసలో కొంచెమే దిగి ఆగాలి. లోపలికంటా జారిపోయింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"ఇవి ముసలివైపోయినాయి సార్."

"తళతళ మెరుస్తాంటే ముసలివంటావేంది?"

"మెరిసేదానికి తుడిచి తుడిచే ఇట్లయినాయి సార్."

తాడుకు గుడ్డ ముక్క కట్టి గొట్టంలోంచి లాగి తుడుస్తాం. తాడును నిటారుగా లాగకపోతే అది గొట్టం అంచును ఒక పక్కనే రాసుకుంటుంది. సలామీ రైఫిళ్ళను రోజుకు రెండుసార్లు, ఏళ్ళ తరబడి తుడిచారు. బావి ఒరకు చేద తాడు గాడి పెట్టినట్టు ఇనుముకు గాడి పడింది. తూటా చివరగా వదిలేది ఆ అంచునే. అది ఒక పక్క అరిగితే తూటా బయటికి వచ్చేటప్పుడే వంకరగా వస్తుంది.

ఒక్కొక్కటీ చూసుకుంటూ వెనక వరసకు పోయాం. చివర్లో ఒక రైఫిల్ ఉంది. ఏదో ఔట్‌పోస్టులో చాలా ఏళ్ళు పెట్టెలో పడి ఉండి తిరిగి వచ్చింది. కర్ర నిండా నల్లటి మచ్చలు. పక్కన ఒక చీలిక. పట్టుకుంటే అరచేతికి జిడ్డు అంటింది. తూటా మొన పెట్టాను. కొసలోనే గట్టిగా ఆగింది. గొట్టంలోకి దీపం వేసి చూస్తే లోపలి మెలికల గాడులు నిన్న కోసినట్టున్నాయి. బోల్టు మీది నంబరు, రైఫిల్ మీది నంబరు ఒకటే. అంటే పుట్టినప్పటి జత విడిపోలేదు.

"ఇది సార్."

నాగిరెడ్డి గారు దాన్ని ఒక పక్కనుంచి చూసి, తర్వాత ఇంకో పక్కనుంచి చూశారు. "ఈ కర్ర గొడ్డలికి కామగా కూడా పనికిరాదు గదయ్యా."

రూతమ్మ ముఖం వాడిపోయింది. నలుగురిలోకి దాన్నెత్తుకుపోతే నవ్వుతారన్న దిగులు ఆ ముఖంలో కనబడింది.

వాదనెందుకని రెండింటినీ రేంజికి తీసుకుపోయాం. పెండ్లికొడుకును ఇసుక సంచి మీద పెట్టి అయిదు, మచ్చలదాన్ని పెట్టి అయిదు రూతమ్మను కొట్టమన్నాను. మార్కాపురం పలకలకు మా వైపు కొదవ లేదు గదా, మా రేంజిలో లెక్కలన్నీ పలక మీదే వేస్తాం. పలక మీద రెండు గుంపులూ గీసి చూపించాను. పెండ్లికొడుకు గుంపు చాటంత ఉంది. మచ్చలదాని గుంపు అరచేతిలో పట్టింది.

రూతమ్మ రెండు బొమ్మలనూ మార్చి మార్చి చూసింది. "ఇదే ఇయ్యండి సార్" అంది. ఆ తర్వాత దాని మచ్చల గురించి ఆ అమ్మాయి నోట ఒక్క మాట రాలేదు.

కాటుక డబ్బా

మంచి గొట్టం దొరికితే సగం పని అయినట్టే. మిగతా సగం ఖర్చుతో కూడిందని అందరూ అనుకుంటారు. మాకు ఖర్చు పెట్టే దారి లేదు కాబట్టి కూర్చుని ఆలోచించాం.

మొదట చేసింది బట్టు మార్చడం. బట్టు అంటే భుజానికి ఆనే వెనక కర్ర. రూతమ్మ పొట్టి చేతులకు మామూలు బట్టు పొడుగెక్కువై, మెడ సాచి సైటు చూడాల్సి వచ్చేది. ఈ పాత రైఫిళ్ళకు బట్లు మూడు నాలుగు కొలతల్లో ఉండేవని ఖాదర్ సాబ్ ఎప్పుడో చెప్పారు. పాత సామాన్ల పెట్టెలో వెతికితే, పొట్టిదని గుర్తుగా ఎస్ అక్షరం కొట్టిన బట్టు అడుగున దొరికింది. దాన్ని బిగించి ఇస్తే రూతమ్మ భుజానికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచేసరికి సైటు సరిగ్గా కంటి ముందుంది.

"చిన్నాయనా, ఇన్నాళ్ళు వేరేవాళ్ళ చెప్పులేసుకుని నడిచినట్లు ఉండె" అంది. డ్యూటీలో ఉన్న సంగతే మరిచిపోయింది.

మనిషికి సరిపోయేట్టు కర్ర కొలత సరిచూడకుండా సైట్లకు, టెలిస్కోపులకు పరుగెత్తేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

రెండోది ముందు కర్ర. గొట్టం కర్రలో కూర్చున్న చోట అక్కడో ఇక్కడో ఒత్తుకుంటుంటే, నాలుగు తూటాలు పేలి వేడెక్కేసరికి గొట్టం ఒక పక్కకు ఒరుగుతుంది. ఎక్కడ ఒత్తుకుంటుందో కంటికి కనబడదు. ఇనుముకు నల్లటిదేదైనా పలచగా పూసి, కర్రలో కూర్చోబెట్టి తీస్తే ఒత్తుకునే చోట మచ్చ పడుతుంది. దానికి వాడే రంగు మా దగ్గర అయిపోయింది. ఇంటికి పోయి మా ఆవిడ సరస్వతిని కాటుక డబ్బా అడిగాను.

"ఈ వయసులో నీకు కాటుకేందయ్యా?"

"నాక్కాదే, తుపాకికి."

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "దానికి బొట్టు గూడా పెడ్తావా?" అని డబ్బా చేతిలో పెట్టింది.

పూయడం, కూర్చోబెట్టడం, తీయడం, మచ్చ పడిన చోట గాజు పెంకుతో గోకడం. పది రోజులు అదే పని. ఒకేసారి ఎక్కువ గోకితే మళ్ళీ అతికించలేం కాబట్టి గోటి పొర కంటే పలచగా గోకాను. చీలికకు బంక పెట్టి దారం చుట్టాను. కాటుక అయిపోయింది. కొత్త డబ్బా కొనిస్తానని చెప్పి మరిచిపోయాను. సరస్వతి మరవలేదు.

ట్రిగ్గర్ తేలిక చెయ్యమని రూతమ్మ కూడా అడిగింది. "అది తప్ప ఇంకేదైనా అడుగు తల్లీ" అన్నాను. ఎందుకో కూడా చెప్పాను, ఏమీ దాచకుండా. విని మళ్ళీ అడిగింది.

"మరి గట్టిగా ఉంటే గొట్టం అదురుతాంది, ఏం చేసేది?"

తూటా లేని రైఫిల్‌లో పేలని డమ్మీ తూటా పెట్టి, గొట్టం మీద రూపాయి బిళ్ళ నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ లాగమన్నాను. మొదటి రోజు ప్రతిసారీ పడింది. రెండు వారాలకు యాభైసార్లు లాగినా పడలేదు. ట్రిగ్గర్ అంతే ఉంది, వేలు మారింది.

ఆర్.ఐ. గారి కనుబొమ్మ

ఇంత జరుగుతుంటే నాగిరెడ్డి గారు ఊరికే ఉండలేకపోయారు. ఎవరో స్నేహితుడి దగ్గర ఎయిర్‌గన్‌కు పెట్టే టెలిస్కోపు ఉందని తెచ్చారు.

"సార్, పోటీలో చిల్లు సైటే గదా సార్ పెట్టనిచ్చేది."

"పోటీకి కాదయ్యా, దీంతో ప్రాక్టీసు చేస్తే కన్ను కుదురుతాది. ముందు నేను చూస్తా."

ఆ రైఫిల్ తన్నుకు అది నిలబడదని చెప్పాను. వినలేదు. సలామీ రైఫిల్ ఒకదానికి ఎట్లాగో బిగించి ఇచ్చాను. గట్టిగా వద్దనకపోవడం నా తప్పే. అధికారి ఉత్సాహం ముందు ఆర్మరర్ మెత్తబడకూడదు. ఆయన పడుకుని కన్ను టెలిస్కోపుకు ఆనించి కొట్టారు. రైఫిల్ వెనక్కి తన్నింది. టెలిస్కోపు లోపల ఏదో గలగలమంది. ఆయన కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారంలో తెగింది.

"బాగానే ఉంది గానీ..." అన్నారు, నెత్తురు తుడుచుకుంటూ.

వారం రోజులు ప్లాస్టర్‌తో తిరిగారు. ఇంట్లో తలుపు తగిలిందని చెప్పారట. అడిగితే మీరూ తలుపనే చెప్పండని మాకు ఆర్డరు వేశారు. ఆ దెబ్బకు బుద్ధి వచ్చింది నాకు కూడా. ఇంటి ముందు బల్బు వేసినంత తేలిక కాదు రైఫిల్ మీద ఒక వస్తువు బిగించడం.

దాని బదులు పాత పెట్టెలోనే దొరికిన చిల్లు సైటును శుభ్రం చేసి మచ్చలదానికి పెట్టాం. ఒక చిన్న రంధ్రంలోంచి చూడాలి, అంతే. ఒక్కో గీత తిప్పితే ఎంత జరుగుతుందో పలక మీద రాసుకుని రూతమ్మ బట్టీ పట్టింది.

ఇక తూటాలు. ఒకే రకం తూటాలైనా, ఒకేసారి తయారై వచ్చిన ఒక్కో లాటు ఒక్కో తీరుగా ఉంటుంది. మాకు వచ్చినవాటిలో నాలుగు లాట్లు వేరు చేసి కొట్టించి చూశాను. ఒకటి మచ్చలదానికి నచ్చింది. అందులో మిగిలినవి పోటీకని పక్కన పెట్టించమని అడిగితే, కనుబొమ్మ మీద ప్లాస్టర్‌తోనే నాగిరెడ్డి గారు సంతకం పెట్టారు.

పోటీ రోజు

పోటీ వేరే జిల్లాలో. రైఫిల్‌ను దుప్పటిలో చుట్టి వ్యాన్‌లో ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోయాను. అక్కడ దిగి చుట్టూ చూశాను. పక్క జట్ల దగ్గర కొత్త రైఫిళ్ళు, నల్లటి పెట్టెలు, పెట్టెల్లో స్పాంజి గూళ్ళు. ఒకాయన మా దుప్పటి వైపు చూసి, "పరుపు కూడా తెచ్చినారా అన్నా?" అన్నాడు. రూతమ్మ అతని వైపు చూడలేదు. కింద పడుకుని మోచేతులు సర్దుకుంది.

కాల్చడం మొదలయ్యాక ఆర్మరర్ అడ్డంగా కట్టిన తాడు వెనక నిలబడాలి. రైఫిల్‌ను ముట్టుకోకూడదు. నేనూ నాగిరెడ్డి గారూ నిలబడ్డాం. మధ్యాహ్నం ముందటి ఎండ. నేల వేడెక్కి గాలి లేచింది.

ముందు రెండు తూటాలు చూసుకోవడానికి, తర్వాత పది లెక్కలోకి. మొదటిది కుడికి పోయింది. అవతల టార్గెట్ల కింద గుంటలో ఉన్నవాళ్ళు కర్ర ఎత్తి అది పడిన చోటు చూపించారు. రెండోదీ కుడికే, ఇంకొంచెం ఎక్కువ.

"ఏందయ్యా? వ్యాన్ కుదుపుకు స్క్రూ వదులైందా?" నాగిరెడ్డి గారు నా చెయ్యి పట్టుకున్నారు.

పొద్దున స్క్రూలు చూశానా లేదా? చూశాను. చివరిదాన్ని చూశానా? గాజు పెంకుతో ఎక్కువ గోకేశానేమో. బంక ఎండకు మెత్తబడిందేమో. నలుగురిలో ఆ అమ్మాయిని నేనే నవ్వులపాలు చేశానేమో. ఆ రెండు నిమిషాల్లో ఆ రైఫిల్‌ను మనసులో పదిసార్లు విప్పి పదిసార్లు బిగించాను.

రూతమ్మ కాల్చడం ఆపింది. తల ఎత్తి గాలి ఎటుందో చూపే జెండా చూసింది. తర్వాత జెండా వదిలేసి నేలవైపు చూసింది. చాలాసేపు చూసింది. పక్కవాళ్ళు అప్పటికే మూడు నాలుగు కొట్టేశారు. టైం అయిపోతోందని నాగిరెడ్డి గారు గొణిగారు. రూతమ్మ సైటును రెండు గీతలు తిప్పి చెంప కర్రకు ఆనించింది.

లెక్కలోకి మొదటిది మధ్యలో. రెండోది మధ్యలో. మూడోది అంచుకు పోయింది. నాలుగోది మధ్యలో. ఆ తర్వాత ఆరూ ఒకదాని పక్కన ఒకటి పడ్డాయి. నాగిరెడ్డి గారు నా చేతిని ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, మూడు రోజులు వేళ్ళ గుర్తులు పోలేదు.

మూడో స్థానం వచ్చింది. రెండో స్థానానికీ మాకూ తేడా ఒక్క పాయింటు. దుప్పటి చూసి నవ్వినాయన జట్టు మా వెనక ఉంది. మనిషి మంచివాడే. తనే వచ్చి, "అన్నా, ఈ పాత దానికి ఏం చేయించినారు?" అని అడిగాడు.

నాగిరెడ్డి గారు మీసం తిప్పి, "కాటుక పెట్టినాం" అన్నారు. ఆయన నమ్మలేదు.

రూతమ్మ రైఫిల్ ఖాళీ చేసి, బోల్టు తెరిచి చూపించి, నా దగ్గరికి వచ్చింది. ముఖమంతా చెమట, మోచేతులకు మట్టి.

"ముందు రెండూ జెండా చూసి కొట్టినా చిన్నాయనా, అందుకే తప్పినాయి. జెండా కొయ్య మీద ఎక్కడో పైన ఎగురుతాంది. తూటా పోయేది కింద గదా. కింద గడ్డి వేరే తట్టుకు వంగుతాంది. కందులు తూర్పారబట్టేటప్పుడు మా అమ్మ కూడా పైన చూడదు, దుమ్ము ఎటు పోతాందో చూస్తాది. అది గుర్తుకొచ్చింది."

"మరి మూడోది?" ఆత్రం ఆపుకోలేక అడిగాను. "బట్టు కదిలిందా? ముందు కర్ర పట్టిందా? చెప్పమ్మా, దాచవాకు."

తల అడ్డంగా ఊపింది.

"మూడోది నేనే లాగినా. రెండు మధ్యలో పడేసరికి సంతోషం పట్టలేక తొందరపడినా. రైఫిల్ తప్పేం లేదు చిన్నాయనా. నువ్వు మనసులో పెట్టుకోవాకు."

ముప్పైమూడేళ్ళలో నా దగ్గరికి కొన్ని వందలమంది రైఫిల్ తిరిగి ఇచ్చారు. సైటు వంకర అన్నారు, ట్రిగ్గర్ గట్టి అన్నారు, తూటా తడిసింది అన్నారు. చాలాసార్లు నిజంగానే నా పనిలో లోపం ఉండేది, కొన్నిసార్లు ఉండేది కాదు. కానీ తప్పు నాది, రైఫిల్‌ది కాదు అని, నేను బాధపడతానని పరుగెత్తుకొచ్చి చెప్పిన మనిషి ఆ అమ్మాయి ఒక్కతే.

ఏదో మంచి మాట చెప్పాలనుకున్నాను. ఆ అమ్మాయి చేతిలోంచి రైఫిల్ తీసుకున్నాను. గొట్టం ఇంకా వేడిగా ఉంది.

"సరే పో, ముందు అన్నం తిను" అన్నాను.